సగం నిచ్చెన మీద ఆయన

చదివేవాళ్ళకు ముందే ఒక మాట. నాకు అక్షరాలు వచ్చింది తల నెరిసిన తరువాత. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోతుంటాయి, మీరే దిద్దుకొని చదవండి. రాత కూడా నిదానం. ఈ కథ మొదలుపెట్టినప్పుడు మామిడి పూతకు వచ్చింది, ముగించేసరికి మళ్ళీ పూత వచ్చింది.

ఆ మంగళవారం పొద్దున గిరిజమ్మ అనుకున్న పని చాలా చిన్నది. కె.జి.ఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట బజారులో కరెంటు స్తంభాలు మారుస్తారనీ, సాయంత్రం దాకా కరెంటు ఉండదనీ ముందురోజే ఆటోలో చాటి వెళ్ళారు. లైన్‌మన్‌ను పట్టుకొని, తమ ఒక్క ఇంటికి మాత్రం కరెంటు తియ్యవద్దని బతిమాలుకోవాలి. ఆ తరువాత వచ్చి వంట చూసుకోవాలి. రాయల్పాడు నుంచి అన్న వెంకటేశయ్య మామిడిపండ్లు తీసుకొని వస్తానన్నాడు.

ఆమె భయమంతా మిద్దె మీది గదిలో ఉంది. కింద బట్టల అంగడి, పైన ఇల్లు. పై గదిలో లావుపాటి పాత టీవీ, దానికి తగిలించి రంగు వెలిసిన ఒక వీడియో గేమ్ పెట్టె ఉండేవి. కొడుకు నితీశ్ చిన్నప్పుడు కొన్నది అది. కొడుకు పెద్దవాడై దాన్ని వదిలేశాడు. ఊరి బంగారు గనులు మూతపడి, జీతాల రోజున అంగడి ముందు నిలబడే జనం లేకుండా పోయాక, తండ్రి దాన్ని పట్టుకున్నాడు. ఉన్నది ఒకటే క్యాసెట్టు, ఒకటే ఆట. తలకు దీపం కట్టుకున్న మనిషి గనిలోకి దిగాలి, పైనుంచి రాళ్ళు పడుతుంటే తప్పించుకోవాలి, బంగారు మూటలు ఏరుకుంటూ నిచ్చెనలు ఎక్కాలి. ఊరి గని మూసేసినా తన గని మాత్రం నడుస్తూనే ఉందని ఆయన బేరం లేని మధ్యాహ్నాల్లో అంటుండేవాడు.

పోయినేడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం గిరిజమ్మ అన్నానికి పిలిచింది. "వస్తా ఉండా" అని ఆయన పాజ్ నొక్కాడు. లేచి గడప దాకా వచ్చి, అక్కడే కూలబడ్డాడు. వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉండిపోయింది.

కర్మలు ముగిసి బంధువులు వెళ్ళిపోయాక ఆమె టీవీ వేసి చూసింది. గని మనిషి సగం నిచ్చెన మీద, ఒక చెయ్యి పైకెత్తి, అలాగే ఉన్నాడు. తలకు కాస్త పైన ఒక రాయి పడకుండా ఆగి ఉంది. తెర మూలన ఇంకా రెండు ప్రాణాలు మిగిలి ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆ పెట్టెను ఎవరూ ఆపకూడదని ఇంట్లో కట్టడి అయింది. పొద్దున్నే స్నానం చేసి, దీపం వెలిగించి, టీవీ వేసి ఆమె ఒకసారి ఆయన్ను చూసుకునేది. తరువాత టీవీ ఒక్కటీ ఆపేసేది. కరెంటు పోయినా గంటసేపు పెట్టె ఆగకుండా నితీశ్ ఒక యూపీఎస్ తెచ్చి బిగించాడు.

కోడలు వినుత బడిలో లెక్కలు చెబుతుంది. మామకు బీపీ ఉండగా గంటల కొద్దీ ఆ పెట్టె ముందు కూర్చుంటాడని ఆమె ఎన్నోసార్లు కసురుకుంది. ఆయన పోయే ముందు ఇద్దరికీ మాటలు కూడా లేవు. గిరిజమ్మ దాన్ని మరిచిపోలేదు. పైగా ఒక సంగతి ఆమె గమనించింది. కరెంటు పోతే చాలు, కోడలు తనను ఎటో ఒకవైపు పంపించాలని చూస్తుంది. బడికి సెలవులున్న ఆ పొద్దున కూడా అదే.

"అత్తా, కోటిలింగాల గుడికి పోయి రాండి. యూపీఎస్ ఉండాది కదా, నేను చూసుకుంటా."

నువ్వు చూసుకునేది నాకు తెలుసులే అని గిరిజమ్మ మనసులో అనుకుంది. తాను గడప దాటగానే పెట్టె ఆర్పేసి, కరెంటు మీద నేరం మోపుతుందని ఆమె అనుమానం.

అనుమానానికి ఇంకొక కారణం, పోయిన ఆదివారం జరిగింది. నితీశ్ బెంగళూరు నుంచి కొత్త వీడియో గేమ్ తెచ్చాడు. అదే గని ఆటను ఏదో దేశంలో మళ్ళీ కొత్తగా చేసి అమ్ముతున్నారట. మారికుప్పం రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకొని వచ్చి, హాల్లోని పలక టీవీకి తగిలించి, పాత పెట్టెను కదపకుండా గదిలోని టీవీ కూడా వేసి తల్లికి రెండూ చూపించాడు. పాత మనిషికి ముఖం లేదు, నాలుగు రంగు చదరాలు కలిపితే మనిషి. కొత్తవాడికి మీసం ఉంది, మెడ మీద చెమట ఉంది, నిచ్చెన ఎక్కుతుంటే ఆయాసం వినబడుతుంది. గోడల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. దారి తెలియకపోతే బాణం గుర్తు చూపిస్తుంది. పాత ఆటలో రాయి తగిలితే ఒక ప్రాణం పోయినట్టే, మూడూ పోతే ఆట ముగిసినట్టే. కొత్తదాంట్లో రాయి తగిలి పడినవాడు పడినచోటే లేచి, దుమ్ము దులుపుకొని మళ్ళీ ఎక్కుతున్నాడు. ఎన్నిసార్లయినా సరే.

అంతా చూసి గిరిజమ్మ, చచ్చినవాడు చచ్చినచోటే లేస్తుంటే ఇంక రాయికి భయపడడం దేనికని అడిగింది. నితీశ్ నవ్వి ఇంకొక మీట నొక్కాడు. కొత్త ఆట పాత బొమ్మల్లోకి మారింది. ముఖం లేని మనిషే వచ్చాడు, కానీ గని మొదట్లో, ఇంకా ఒక్క మెట్టూ దిగకుండా నిలబడి ఉన్నాడు.

"మీ నాయన నిలిపిన తావుకు పోతుందా ఇది?" అంది గిరిజమ్మ.

నితీశ్ కొత్త ఆటను ఆపేశాడు. కొత్తదాంట్లో రాయి కొంచెం ఆలస్యంగా పడుతోందని వినుత ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టడానికి మొగుడూ పెళ్ళాలు కలిసి వేసిన ఎత్తు అని గిరిజమ్మకు ఆ రోజే తోచింది.

అందుకే ఆమె గుడికి వెళ్ళకుండా కిందికి దిగి, స్తంభం దగ్గర నిచ్చెన వేస్తున్న లైన్‌మన్ దగ్గరికి వెళ్ళింది. అతని పేరు అంబరీష్. నరసాపురం వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చాడు. ఇక్కడే చిక్కు వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచి గిరిజమ్మ మొగుడి పేరు నోట పలికింది లేదు. బజారులో అందరికీ "ఆయన" అంటే అంగడి వాసుదేవయ్య అని తెలుసు కాబట్టి ఇన్నేళ్ళూ ఇబ్బంది రాలేదు. అంబరీష్‌కు ఆ ఆయనా తెలియదు, ఆయన పోయిన సంగతీ తెలియదు.

"అప్పా, పైన మా ఇంటాయన ఉండారు. కరెంటు పోతే ఆయన మిగలరు" అంది ఆమె.

అంబరీష్ నిచ్చెన మీద నుంచి దిగాడు. "మిషన్ పెట్టినారా అమ్మా?"

"ఏడాదిగా దాంతోనే ఉండారు."

"మాట్లాడతారా?"

"ఉలుకూ లేదు పలుకూ లేదప్పా. పొద్దున్నే ఒక తూరి చూసుకుంటా, అంతే."

అంబరీష్ తల్లి కూడా మంచంలో ఉండి పోయిన మనిషి. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. వెంటనే ఆఫీసుకు ఫోను చేసి, ఇంట్లో పేషెంటు మిషన్ మీద ఉన్నాడనీ లైను తీయడానికి వీల్లేదనీ చెప్పాడు. ఆఫీసరు మంచివాడే. స్తంభాలు దించి, క్రేను తెప్పించి, పని ఆపడం ఎలా అని ఆలోచించి, పేషెంటును ఈ ఒక్క పూటకు ఆస్పత్రికి మార్చమని తానే ఆంబులెన్సుకు చెప్పాడు. ఇదేదీ తెలియని గిరిజమ్మ, దేవుడి లాంటి పిల్లోడు అనుకుంటూ మిద్దెక్కి బియ్యం కడిగింది.

అంబరీష్ ఈ సంగతి ఎదురింటి ధాన్యం వ్యాపారి కృష్ణప్పకు చెప్పాడు. వాసుదేవయ్య పాడెకు భుజం పట్టినవాడు కృష్ణప్ప. కాబట్టి మిషన్ మీద ఉన్నది వాసుదేవయ్య కాదని అతనికి తెలుసు. ఇంకెవరు ఉంటారని ఆలోచిస్తే గిరిజమ్మ అన్న తప్ప ఇంకొకరు తట్టలేదు. పాపం, ఎవరికీ చెప్పకుండా అన్నను పైన పెట్టుకొని చాకిరీ చేస్తోందన్నమాట. రూఢి చేసుకుందామని రాయల్పాడుకు ఫోను చేశాడు. వెంకటేశయ్య యాడ ఉన్నాడని అడిగితే, ఆయన భార్య, కె.జి.ఎఫ్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటాడని చెప్పింది. పొద్దున బస్సెక్కించింది ఆమే. ఆ తరువాత కృష్ణప్ప ఓదార్పు మాటలు మొదలుపెట్టేసరికి ఆమె ఫోను పారేసి ఏడుపు అందుకుంది.

గడియ గడవకముందే బజారులో సగం మంది గిరిజమ్మ మెట్ల కింద చేరారు. ఒకరు కొబ్బరిబోండాలు, ఒకరు బత్తాయిలు తెచ్చారు. ఆంబులెన్సు వచ్చి ఆగింది. సరిగ్గా అప్పుడే వెంకటేశయ్య తలమీద మామిడిపండ్ల బుట్టతో ఎండలో నడిచి వచ్చాడు. జనాన్నీ ఆంబులెన్సునూ చూసి ఆయన గుండె ఝల్లుమంది. ఎవరికేమైందని ఒక ముసలమ్మను అడిగాడు.

"గిరిజమ్మ అన్నకంటప్పా. ఇంగ ఆశ లేదంట" అంది ఆమె.

గిరిజమ్మకు ఉన్నది ఒక్కడే అన్న. వెంకటేశయ్య ఆ మాటను ఎంత తిప్పి చూసినా తాను తప్ప వేరే మనిషి దొరకలేదు. బుట్ట అక్కడే దించి, మెట్లెక్కి, చెల్లెలి గదిలో పాత టీవీ పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. ముఖమంతా చెమట. వెనకాలే వచ్చిన ఆంబులెన్సు మనుషులకు, చెప్పిన చోటనే, చెప్పినట్టే, చెమటలు పట్టిన పెద్దాయన కనబడ్డాడు. గిరిజమ్మ వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన్ను స్ట్రెచరు మీద పడుకోబెట్టేశారు.

"నేను పండ్లు ఇచ్చేదానికి వచ్చినానయ్యా" అన్నాడు వెంకటేశయ్య.

"అందరూ అట్లే అంటారు పెద్దాయనా" అని వాళ్ళు ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఆ పైన ఆయన ఏం చెప్పాడో ఎవరికీ వినబడలేదు. చేతులతో చెప్పాలని చూస్తే చేతులు పట్టుకున్నారు. చివరికి కాళ్ళతో చెప్పాడు. ఆ కాలికి వీడియో గేమ్ తీగ చుట్టుకొని, పెట్టెలోంచి ఊడి వచ్చింది.

పెట్టె మీది ఎర్ర దీపం ఆరిపోయింది.

గిరిజమ్మ వెళ్ళి టీవీ వేసింది. నల్లటి తెర. ఆమె తెర ముందు నేల మీద కూర్చుంది. చేతిలో గరిటె అలాగే ఉంది. ఆమె ముఖం చూసి ఆంబులెన్సు మనుషులు వెంకటేశయ్యను వదిలేశారు. మెట్ల మీద నిలబడ్డ అంబరీష్‌కు అప్పటికి, గోడ మీద దండ వేసిన ఫోటో కనబడింది. ఏడాది కింద ఆయన గడప మీద కూలబడ్డాడు. అప్పుడు కనీసం ఆమె ఏడ్చింది.

వినుత జనం మధ్య నుంచి వచ్చింది. తీగ తిరిగి గుచ్చి, జాయ్‌స్టిక్ చేతిలోకి తీసుకొని, అత్త పక్కన నేల మీద కూర్చుంది. గని మనిషి మొదటి నుంచి దిగడం మొదలుపెట్టాడు. ఏ రాయి ఎప్పుడు పడుతుందో, ఏ మూట దగ్గర ఎంతసేపు ఆగాలో ఆమె చేతులకు తెలుసు. ఒక చోట కావాలనే రాయి కింద నిలబెట్టి ఒక ప్రాణం పోగొట్టింది. జనం అయ్యో అన్నారు. ఆమె రెప్ప వెయ్యలేదు. గని మనిషి చివరి నిచ్చెన సగం ఎక్కి, ఒక చెయ్యి పైకెత్తాడు. తలకు కాస్త పైన రాయి. మూలన రెండు ప్రాణాలు. బొటనవేలు పాజ్ మీద పడింది.

అచ్చం అదే. వెంట్రుకవాసి తేడా లేదు.

గిరిజమ్మ తెరను చూసింది, కోడలి చేతులను చూసింది.

"నీకెట్లా వచ్చునమ్మా ఇది?"

"యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పోయిందత్తా" అంది వినుత, తల తిప్పకుండా. "ఆషాఢంలో మొదటి తూరి ఆరిపోయినప్పుడు మీరు గుడిలో ఉండారు. వచ్చేలోపల పెట్టేయాలని కూర్చుంటి. మామ నిలిపింది ఆ పొద్దే పోయింది. అప్పటినుంచీ ఉండేవన్నీ నేను పెట్టినవే."

గిరిజమ్మకు గుళ్ళన్నీ గుర్తొచ్చాయి. తాను ప్రదక్షిణలు చేస్తూ, ఇంట్లో కోడలు పెట్టె ఆర్పేస్తోందని శాపనార్థాలు పెట్టుకున్న వేళల్లో, ఆ పిల్ల ఇక్కడ కూర్చొని మామను మళ్ళీ మళ్ళీ అదే మెట్టు దాకా ఎక్కిస్తోంది. బతికి ఉండగా మాట కలపని మనిషిని. ఏడాదిగా తాను దీపం పెట్టింది ఎవరికి?

ఆమె కోడలి వీపు మీద చెయ్యి వేసింది. "ఈ తూరి నిలపొద్దు. ముందుకు పోనీ."

"ఇంతవరకే నేర్చుకున్నానత్తా. ఆ తరవాత నాకు రాదు."

"ఆయనకూ ఇంతవరకే వచ్చేమోలే" అంది గిరిజమ్మ.

వినుత పాజ్ తీసింది. ఏడాదిగా ఆగిన రాయి పడింది, గని మనిషి తప్పించుకొని మిగతా మెట్లు ఎక్కాడు. పైన ఇంతవరకు ఎవరూ చూడని నీలం రంగు గుహ ఉంది. గిరిజమ్మ దాన్ని కళ్ళారా చూసింది. అంతలోనే ఎటునుంచో ఒక రాయి వచ్చింది. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. మిగిలిన రెండు ప్రాణాలూ పోయాక మూడు స్వరాల పాట ఒకటి మోగి తెర ఖాళీ అయింది. అప్పుడు గిరిజమ్మ ఏడ్చింది. వినుత ఆమెను ఒళ్ళోకి తీసుకుంది. మాస్కు మెడలో వేలాడుతుండగా వెంకటేశయ్య కూడా ఏడ్చాడు. వచ్చినవాళ్ళు బత్తాయిలు గడప దగ్గర పెట్టి ఒక్కొక్కరే దిగిపోయారు.

అంబరీష్ ఫోను మోగింది. పేషెంటును మార్చారా అని ఆఫీసరు అడుగుతున్నాడు.

"ఇంగ లైను తీసేయచ్చు సార్" అన్నాడు అంబరీష్ మెల్లగా. "ఆయన పోయినారు."

చావు జరిగిన వీధిలో ఆ పూటే కరెంటు తీయడం మర్యాద కాదని ఆఫీసరు పనిని మరుసటి రోజుకు మార్చాడు. ఆ రోజు రాబర్ట్‌సన్‌పేటలో కరెంటు ఒక్క నిమిషం కూడా పోలేదు.

రాసింది గురువమ్మ, అరవై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఉండేది బంగారుపేటలో.