అడోనిస్ మరణ నిర్ధారణ సంగ్రామము

షెల్ట్ నదీతరంగ శీకరశీతలంబును, అవిచ్ఛిన్న శరద్వర్ష ధారాధౌత గోపురంబును అగు ఆంట్వెర్ప్ మహానగరమున, ఒకానొక ఆదివారము అపరాహ్ణవేళ, చిత్రశాలా మధ్యమందిరమున సందర్శక సమూహ పరివేష్టితయై, మ్యూజియం గైడుగా తన ప్రథమ రణమునకు లీస్‌లోట్ అను వీరవనిత నిలిచియుండెను. వెనుక వరుసనుండి ప్రధాన గైడు చేతులు కట్టుకొని చూచుచుండెను. ఆ గైడు మెప్పు పొందనిచో లీస్‌లోట్ కొలువు ఆనాటితో సరి. ముందు వరుసనో, హా విధీ! కోడలి వైభవము కన్నులార చూడవచ్చిన వాత్సల్యమూర్తి, ఎవరి మాటనూ ఎదిరింపక విడిచిన చరిత్రలేని వాదభయంకరి, అత్తగారు ఒడిలియా!

గోడనిండిన చిత్రమున వరాహదంష్ట్రా విదారితుడై అడోనిస్ పడియుండెను. ప్రేమదేవత వీనస్ అతనిపై వంగి విలపించుచుండెను.

“ఇతను అడోనిస్. వేటలో అడవిపంది కుమ్మి చనిపోయాడు,” అని లీస్‌లోట్ పలికినదో లేదో,

“చనిపోలేదమ్మాయ్! నిద్రపోతున్నాడు,” అని అత్తగారి సింహనాదము!

సభ గొల్లున నవ్వెను.

“తొడ మీద రక్తం చూడండి అత్తయ్యా!”

“గోక్కునుంటాడు. బుగ్గలు చూడు, ఎంత ఎర్రగా ఉన్నాయో! ఆల్చిప్పల కూర దట్టించాక మీ మామయ్య అచ్చం ఇలాగే పడుంటాడు.”

“మరి ఆవిడెందుకు ఏడుస్తోంది?”

“ఎంత లేపినా లేవకపోతే ఏడవదూ? పెళ్ళైన దగ్గర్నుంచీ నేనేడవట్లేదూ?”

ఆ వాగ్బాణాఘాతమునకు సందర్శకులెల్ల అత్తగారి పక్షము వహించిరి. ప్రధాన గైడు కనుబొమలు ముడివడెను. అంతట కోడలి చూపు, మందిరమధ్య ఆసనమున గుర్రుపెట్టి నిద్రించుచున్న మామగారు కాసిమీర్‌పై పడెను.

“అత్తయ్యా, మీ శాలువా ఒకసారి ఇటివ్వండి.”

శాలువా కుచ్చును ఆమె మామగారి ముక్కుకెదురుగా పట్టెను. ఆ గుర్రు గాలికి అది ధ్వజపటమువలె రెపరెపలాడెను.

“ఇప్పుడు బొమ్మ చూడండి. వీనస్ జుట్టు పాయ ఒకటి అతని నోటి ముందుకు జారింది. అస్సలు కదల్లేదు.”

“బొమ్మలో ఏది కదుల్తుందే, పిచ్చి మొహమా?”

“ఆవిడ చెవి దగ్గర పాయ ఎగురుతోంది కదా! కొమ్మలు ఊగుతున్నాయి కదా! కదిలించడం చేతనైన చిత్రకారుడే, ఈ ఒక్క పాయనీ ఆపేశాడు. ఊపిరి తగలట్లేదని ఆవిడకి ఇప్పుడే తెలిసింది అత్తయ్యా. అందుకే ఆ ఏడుపు.”

ఒడిలియా చిత్రమును సమీపించి, రెప్పవాల్చక చాలసేపు చూచెను.

“అయ్యో! పోయాడే!” ఆమె నుదురు కొట్టుకొనెను. “ఎంత పిలిచిందో పాపం పిచ్చిపిల్ల. ఒంటిమీద సరైన గుడ్డైనా లేదు, ఈ చలిలో!”

పిమ్మట గిరుక్కున తిరిగి, వడివడిగా పోయి, భర్త గుండెపై అరచేయి ఆనించెను.

కాసిమీర్ ఉలిక్కిపడి, “ఏంటి, ఇంటికేనా?” అనెను.

“నోర్మూసుకుని ఊపిరి పీల్చు!”

ప్రధాన గైడు రుమాలుతో కన్నులద్దుకొని, “లీస్‌లోట్, వచ్చే ఆదివారం కూడా నువ్వే,” అనెను.

జయధ్వానములు చిత్రశాలా కుడ్యములను కంపింపజేసెను. అత్తగారు సమ్మతించిరి! అడోనిస్ నిస్సంశయముగా చచ్చెను. కోడలి కొలువు నిక్షేపముగా బ్రతికెను!