ఒకటోది ఇంట్లో ఉంది

ఆ శుక్రవారం పొద్దున విరూపాక్షయ్య పెట్టుకున్న పని ఒక్కటే. అంగడి తెరవగానే కూతురు రాసిచ్చిన పట్టీ చూసి, కంప్యూటరు సామాన్లకు ఫోన్లో ఆర్డరు చెప్పడం. పది నిమిషాల పని. నలభై ఏళ్లుగా బళ్లారి బజారులో కిరాణా హోల్‌సేలు నడుపుతున్న మనిషికి పట్టీ చూసి సరుకు చెప్పడం ఇంకొకరు నేర్పాలా?

నిజానికి ఆ పని కూతురు అనూష తానే చేసుకుంటానంది. కట్టబోయే ఇళ్లను కట్టేసినట్టే కంప్యూటర్లో బొమ్మ గీసి చూపించే స్టూడియో ఒకటి బెంగళూరులో ఉంది. వాళ్లు ఆమెకు ఉద్యోగం ఇస్తామన్నారు. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. కాకపోతే సోమవారం పది గంటలకు సొంత కంప్యూటరు మీద పరీక్ష పెడతారు, మిషను దమ్ము చాలకపోతే ఉద్యోగం వరసలో వెనక నిలబడినవాళ్లకు పోతుంది. అందుకని ఆ పిల్ల నెల రోజులు కూర్చుని, పెళ్లి సంబంధం చూసినంత జాగ్రత్తగా ఏది దేనికి సరిపడుతుందో చూసి, ఎనిమిది వస్తువులు ఎంచింది. పగలు పనికి, సాయంత్రం ఆటలకు, రెండింటినీ తట్టుకునే మిషను. ఆటల సంగతి తండ్రికి చెప్పింది, తల్లికి చెప్పలేదు.

"నువ్వు పోతే వాడు చెప్పిన రేటు ఇచ్చొస్తావు. కొనేది నాకు వదిలిపెట్టు," అన్నాడు విరూపాక్షయ్య.

"సరే నాన్నా. పట్టీ ఫోటో కంప్యూటర్ల అమర్‌నాథ్ అంగడికి పంపించినా. ర్యామ్ రెండు చెప్పు, క్యాబినెట్ పెద్దది చెప్పు. తక్కినవన్నీ ఒక్కొక్కటి," అని చెప్పి, కాగితం బల్లమీద పెట్టి, అనూష స్నేహితురాలి పెళ్లికని కంప్లి బస్సెక్కింది.

ఆమె అటు పోయిందో లేదో తల్లి రాజలక్ష్మి ఇటు వచ్చి కాగితం చూసింది. ఇంగ్లీషులో ఏమేమో ఉన్నాయి. ఉండనీ. మొదటి వరసలో పసుపు లేదు. పుట్టింట్లో గాని మెట్టినింట్లో గాని పసుపుతో మొదలుకాని పట్టీని ఆవిడ ఎన్నడూ ఎరగదు. "శుభమా అని ఇంటికి వస్తువు వస్తాంటే, పసుపు లేని పట్టీ ఏంది?" అనుకుని, పైన ఖాళీ ఉన్నచోట 'పసుపు - అరకిలో' అని రాసింది. రాసి ఊరుకున్నా బాగుండేది. చేసే పని నీటుగా చేసే మనిషి కనుక ఒకటిని రెండు చేసి, రెండును మూడు చేసి, అడుగు దాకా అంకెలన్నీ దిద్దింది. ఎనిమిది వస్తువుల పట్టీ తొమ్మిదైంది.

విరూపాక్షయ్యకు అందులో వింత ఏమీ కనిపించలేదు. పసుపు లేకపోయి ఉంటే కనిపించేది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని, ర్యామ్ ఉన్న నాలుగో నంబరు పక్కన '2' అనీ, క్యాబినెట్ ఉన్న ఎనిమిదో నంబరు పక్కన 'పెద్దది' అనీ గుర్తు పెట్టుకున్నాడు. అంగడికి పోయి, ఇద్దరు గిరాకీలను కూర్చోబెట్టి, ఫోను తీశాడు.

"ఏమప్పా అమర్‌నాథ్, పట్టీ ముందర పెట్టుకోనుండావా?"

"ఫోన్లో ఉండాదన్నా, నంబర్ల ప్రకారం చెప్పు."

"ఒకటోది వద్దు. ఇంట్లో ఉండాది."

అమర్‌నాథ్ తన ఫోన్లో ఒకటో వరస చూసుకున్నాడు. అక్కడ ఉన్నది ప్రాసెసర్, అంటే కంప్యూటరుకు మెదడు. "ఇంట్లో ఉండాదా? ఎప్పటిదన్నా?"

"మొన్న ఉగాదికి నేనే తెచ్చిచ్చినా. రెండేండ్లకు ఢోకా లేదు."

"అట్లయితే మంచిదే. వేడెక్కుతుందేమో, చూసుకోండి."

"దాని గుణమే వేడి గదప్పా. మితంగా వాడుకోవాల."

బెల్లం, చింతపండు అమ్మే మనిషికి ప్రాసెసర్ గుణం ఇంత తెలుసా అని అమర్‌నాథ్‌కు గౌరవం పుట్టింది. ఆ గౌరవంలోనే "నాలుగోది రెండు" అంటే రెండు రాసుకున్నాడు. అతని పట్టీలో నాలుగోది తెరమీద బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డు, మొత్తం సామాన్లలో దానంత ఖరీదైనది ఇంకొకటి లేదు.

"రెండా అన్నా? మామూలుగా ఒకటి చాలు."

"పిల్ల రెండనింది. రెండే. ఎనిమిదోది అన్నిట్లోకి పెద్దది తెప్పించు."

అమర్‌నాథ్ పట్టీలో ఎనిమిదోది మానిటరు. "ఆయ్తన్నా, ఆదివారం పొద్దునకు బెంగళూరు బస్సులో వచ్చేస్తాది," అన్నాడు. మొత్తం కొంచెం ఎక్కువే అయింది. అయినా విరూపాక్షయ్య గట్టిగా బేరమాడి, కొంత తగ్గించి, ఫోను పెట్టేసి, మీసం సవరించుకున్నాడు.

ఆదివారం పార్సెలు వచ్చింది, అనూషా వచ్చింది. పెట్టెలు విప్పుతున్నకొద్దీ ఆమె మొహం వాడిపోయింది. ర్యామ్ ఒక్కటే ఉంది. గ్రాఫిక్స్ కార్డులు రెండున్నాయి. మానిటరు ఎంత పెద్దదంటే రాజలక్ష్మి దాన్ని టీవీ అనుకుని హాల్లో మేకు ఎక్కడ కొట్టాలా అని చూస్తోంది. అన్నీ నాలుగుసార్లు వెతికి అనూష నేలమీద కూలబడింది.

"ప్రాసెసర్ లేదు నాన్నా. అది లేకుంటే ఇవన్నీ ఉత్త డబ్బాలు. రేపు పరీక్ష పోయినట్టే."

విరూపాక్షయ్య వెంటనే ఫోను తీశాడు. అమర్‌నాథ్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇక మిగిలింది దొంగతనమే అని తేల్చుకుని, చెప్పులు తిరగేసి వేసుకుని, బస్సు పార్సెల్ ఆఫీసుకు పరిగెత్తాడు. అక్కడి గుమాస్తా గాదిలింగప్ప నెమ్మదైన మనిషి. ఆ నెమ్మది చూసి విరూపాక్షయ్యకు ఇంకా ఒళ్లు మండింది.

"నా బిడ్డ నౌకరీ పోతాంటే కూర్చుని టీ తాగుతావా? మీ బస్సులోనే పోయింది."

"ఎట్లా ఉంటాది అన్నా ఆ వస్తువు?"

ఎట్లా ఉంటుందో విరూపాక్షయ్యకు మాత్రం ఏం తెలుసు. "చిన్నదప్పా. చిన్నది, చానా విలువైనది," అన్నాడు. గాదిలింగప్ప బంగారమనుకున్నాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, బెంగళూరుకు తిరుగుదారి పట్టిన డ్రైవరుకు ఫోన్ చేశాడు. చళ్లకెరె దగ్గర బస్సు ఆగింది. నలభై మంది దిగారు. నలభై మంది సంచులూ రోడ్డు పక్కన విప్పించారు. ఒకావిడ తెచ్చుకున్న మిరపకాయ బజ్జీలు కూడా విప్పి చూశారు.

సరిగ్గా అప్పుడే అమర్‌నాథ్ తిరిగి ఫోన్ చేశాడు. "ఏందన్నా, గుడికి పోయింటి. ఇన్నిసార్లు చేసినావు?"

"ప్రాసెసర్ పోయిందప్పా. బస్సులో ఎవరో కొట్టేసినారు."

"పోయేదేంది? నేను తెప్పిస్తే గదా. ఒకటోది వద్దు, ఇంట్లో ఉండాదని నువ్వే గదన్నా చెప్తివి."

విరూపాక్షయ్య జేబులోంచి కాగితం తీసి చూశాడు. ఒకటి, పసుపు. ఫోను జేబులో పెట్టుకుని గాదిలింగప్ప భుజం మీద చెయ్యి వేసి, చాలా మెత్తగా, "ఆ బస్సు పోనియ్యప్పా," అన్నాడు.

ఇంటికి పోయి కూతురి మొహం చూసే ధైర్యం లేక నేరుగా అమర్‌నాథ్ ఇంటికే పోయాడు. కావలసిన ప్రాసెసర్ బళ్లారి మొత్తంలో లేదు, బెంగళూరు నుంచి రావాలంటే మంగళవారం. "నా చేతులారా బిడ్డ నోటికాడి కూడు తీసేస్తినే," అని ఆయన అరుగుమీద కూర్చుండిపోతే, అమర్‌నాథ్‌కు ఒక మనిషి గుర్తొచ్చాడు. కూరెకుప్పలో హొన్నూరుస్వామి అని, ఉక్కు ఫ్యాక్టరీ కుర్రవాళ్ల కోసం కంప్యూటరు ఆటల సెంటరు పెడుతున్నాడు. అతని దగ్గర ఇట్లాంటి సామాన్లే ఉంటాయి, అదనపు కార్డు ఇచ్చి మార్చుకోవచ్చు.

ఇద్దరూ విరూపాక్షయ్య ఇంటికి పోయి ఆ కార్డు తీసుకుని, స్కూటరు మీద, ఎర్రదుమ్ములో కూరెకుప్ప చేరారు. ఇంకొకరితో తనకు అవసరం పడితే, అది బయటపడకుండా మొహం ఎట్లా పెట్టాలో విరూపాక్షయ్యకు బాగా తెలుసు. కాని ఆ రోజు ఆయన మొహం మాట వినలేదు. పోయీపోగానే, "అప్పా, నాకొక ప్రాసెసర్, ఒక ర్యామ్ కావాల. నువ్వేమడిగినా సరే," అన్నాడు. నలభై ఏళ్లలో బేరం లేకుండా ఆయన నోరు విప్పడం అదే మొదలు.

హొన్నూరుస్వామి మాత్రం ఆయన చేతిలోని డబ్బా వైపే చూస్తున్నాడు. "అది ఆ కార్డేనా? పదైదు దినాలనుంచి దీనికోసమే కాచుకోనుండా. రేపే ఓపెనింగు, ఒక సీటు ఖాళీ ఉండాది," అంటూ లోపలికి పోయి, స్పేరుగా ఉంచుకున్న ప్రాసెసరూ ర్యామూ తెచ్చి చేతిలో పెట్టాడు. రెండూ అనూష ఎంచినవేనని అమర్‌నాథ్ చూసి చెప్పాడు. ఎక్కువతక్కువలు అక్కడే నిలబడి తేల్చేశారు. "మీరు ముందుచూపుతో రెండు తెప్పించబట్టి నా మానం మిగిలిందన్నా," అన్నాడు హొన్నూరుస్వామి. విరూపాక్షయ్య కాదనలేదు.

సాయంత్రం అమర్‌నాథే వచ్చి మిషను బిగించాడు. అన్నీ బిగించే క్యాబినెట్ డబ్బా చిన్నదైనందుకు పక్క రేకు తీసేసి టేబుల్ ఫ్యాను పెట్టారు. జరిగిందంతా విని అనూష, "మితంగా వాడుకోవాలన్నావా నాన్నా?" అని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. ఆ పెద్ద మానిటరు తనకు ముందునుంచీ ఇష్టమేననీ, అడగడానికి మొహమాటపడ్డాననీ కూడా చెప్పింది.

సోమవారం విరూపాక్షయ్య అంగడి తెరవలేదు. పది నుంచి పదకొండున్నర దాకా గది బయట చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తలుపు తీసి అనూష "ఉద్యోగం వచ్చింది నాన్నా" అనేసరికి, నిన్నటినుంచి గుండెమీద మోస్తున్న బరువు దిగి, ఆయనకు ఒక్కసారిగా ఆకలి వేసింది.

"ఇప్పుడన్నా ఆ మిషనుకు పసుపూ బొట్టూ పెట్టనియ్యండి," అంటూ రాజలక్ష్మి వంటింట్లోకి పోయింది. కాసేపటికి ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చి గడపలో నిలబడింది.

"పసుపు తెప్పించలేదా మీరు? పట్టీలో ఒకటోదే రాస్తి గదా. అది అయిపోయి వారమాయె."

ఇంట్లో ఉందని విరూపాక్షయ్య చెప్పింది ఆ ఒక్కటే, ఇంట్లో లేనిదీ ఆ ఒక్కటే.