చెదపుట్ట ఇచ్చిన అనుభవ పత్రం

పెద్ద అడవి కదా, అందులో ఒక విశ్వవిద్యాలయం కూడా ఉండేది. దాని ఉపకులపతి ఒక కొండముచ్చు. పేరు వాలాచార్యులు. కొండముచ్చులకి తోక పొడుగు, ఈయనకి ఉపన్యాసం కూడా పొడుగే. ఏ కొమ్మ మీద కూర్చున్నా ఆ చెట్టు తనే నాటినట్టు మాట్లాడేవాడు.

ఒక ఏడు ఆయన కొత్త చదువు పెట్టాడు. పేరు కృత్రిమ మేధ. మేధ అంటే తెలివి. కృత్రిమం అంటే పుట్టుకతో రానిది, చేసిపెట్టుకున్నది. రెండూ కలిపితే చేసిపెట్టుకున్న తెలివి. పుట్టుకతో వచ్చే తెలివికి అడవిలో అప్పటికే కొరతగా ఉంది కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

మనుషుల దగ్గరైతే దీనికి యంత్రాలు ఉంటాయి. అడవిలో కరెంటు లేదు. అందుకని వాలాచార్యులు చెదపుట్టలు తెప్పించాడు. పద్ధతి సులువే. ఎండుటాకుల మీద రాసిపెట్టిన పాత రాతలన్నీ పుట్టకి తినిపించాలి. లోపల లక్షల చెదలు, తలా ఒక ముక్క తింటాయి. ఆ తర్వాత ఒక పచ్చి ఆకు ముందు పెట్టి ప్రశ్న అడిగితే, చెదలు బారులు తీరి వచ్చి, ఆకుని అక్షరాల మేరకు కొరికి జవాబు రాస్తాయి. వైద్యం తినిపిస్తే వైద్యం రాస్తాయి. పొడుపుకథలు తినిపిస్తే పొడుపుకథలు రాస్తాయి. తినిపించనిది మాత్రం రాయవు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మొదటి రెండేళ్ళ పాఠం వచ్చినట్టే.

మూడో ఏడు తరగతులు ఉండవు. ఏడాదంతా ఏదో ఒక ఆఫీసులో పని చెయ్యాలి. దాన్ని అనుభవ సంవత్సరం అనేవారు. చివర్లో ఆ ఆఫీసు పెద్ద అనుభవ పత్రం ఇవ్వాలి. పత్రం లేకపోతే నాలుగో ఏడు లేదు. నాలుగో ఏడు లేకపోతే పట్టా లేదు.

ఆ తరగతిలో చామంతి అని ఒక గాడిద పిల్ల చదివేది. వాళ్ళ ఇంట్లో ముందు తరాలన్నీ ఏటి ఇసుక మోసినవే. తల్లి వీపు కాయలు కాచి నున్నగా అయిపోయింది.

"పత్రం తెచ్చుకో తల్లీ," అంది తల్లి. "తేలేదనుకో, నా ఇసుక మోసే గంత పక్కన నీకూ ఒకటి కుట్టించి పెట్టాను."

బెదిరించడానికి అన్న మాట కాదది. గంత నిజంగానే గోడకి వేలాడుతోంది.

చామంతి ఆఫీసుల వెంట తిరిగింది. అందరూ ఒకటే అడిగారు.

"ముందు అనుభవం ఏమైనా ఉందా అమ్మా?"

"అనుభవం కోసమే వచ్చానండి."

"అనుభవం లేనివాళ్ళకి అనుభవం ఎలా ఇస్తాం? రేపు ఏమైనా అయితే?"

పదకొండు ఆఫీసులు ఇలాగే అన్నాయి. పన్నెండోది మేత పంపిణీ కార్యాలయం. అక్కణ్ణుంచి మాత్రం విశ్వవిద్యాలయానికి ఉత్తరం వచ్చింది: 'మీ విద్యార్థిని వెంటనే పంపగలరు. ఆలస్యము చేయరాదు.'

చామంతి ఒక చెదపుట్టని వీపు మీద కట్టించుకుని బయల్దేరింది.

"ఇంత చదివినా మోతేనటే?" అంది తల్లి.

"ఇది బరువు కాదమ్మా, పరికరం."

మేత పంపిణీ కార్యాలయానికి సూపరింటెండెంటు మహిషేశ్వరరావు. దున్నపోతు. ఇరవై ఏళ్ళుగా అదే కుర్చీ. అర్జీలు ఆయన మీద వానలా కురుస్తూ ఉండేవి. దున్నపోతు మీద వాన సంగతి మీకు తెలిసిందే కదా. ఆయన దగ్గర ఒకే ఒక గుమస్తా, కోటిరత్నం అనే మేక.

"ఎన్ని మోపులు తెచ్చావమ్మాయ్?" అన్నాడు మహిషేశ్వరరావు.

"మోపులేమిటి సార్?"

"మేత. నువ్వు చదివేది కృత్రిమ మేత కదా."

"మేత కాదు సార్. మేధ."

కోటిరత్నం నవ్వు ఆపుకోలేక దగ్గింది. మహిషేశ్వరరావు ఆ రెండు మాటల్నీ కాసేపు నోట్లో వేసుకుని నమిలాడు.

"అక్షరం ఒక్కటేగా తేడా."

"అర్థం మొత్తం తేడా సార్."

"అర్థాల సంగతి తర్వాత చూసుకుందాం. కృత్రిమ మేత వస్తోందని నేను సింహం గారి పేషీకి రాసేశాను. వాళ్ళు సంతోషించి ఈ ఏడు గడ్డికోత ఆపెయ్యమన్నారు. ఆపేశాం. రాసింది తప్పని మళ్ళీ రాయడం ఈ ఆఫీసులో ఆనవాయితీ లేదు. కాబట్టి నీ మేధ మేత అయి తీరాలి. లేదంటే నీ పత్రం మీద నా సంతకం పడదు."

చామంతి చెవులు వేలాడేసి ఆలోచించింది.

"గడ్డి పుట్టించడం నా వల్ల కాదు సార్. గడ్డి ఎక్కడుందో, ఏ మందకి ఎంత పంపాలో పుట్ట చేత చెప్పించగలను. మీ పాత ఫైళ్ళన్నీ తినిపిస్తే."

"అవి ఎలా ఇస్తారు? అవి నావి," అంది కోటిరత్నం. "ఈ ఆఫీసులో ఫైళ్ళ పరిష్కారం అంతా నేనే కదా. చదువుతాను, సంతకం పెడతాను, తినేస్తాను."

"ఇక నుంచి పుట్ట తింటుంది. కాలంతో పాటు మనమూ నడవాలి కోటిరత్నం," అన్నాడు మహిషేశ్వరరావు, కూర్చున్న చోటు నుంచి కదలకుండా.

మిగిలిన ఫైళ్ళన్నీ పుట్ట తొమ్మిది రోజుల్లో తినేసింది. పదో రోజు జింకలు వచ్చాయి. చామంతి ఒక పచ్చి మేడాకు పెట్టి, జింకల మందకి మేత ఎక్కడ దొరుకుతుందని అడిగింది. చెదలు బారులు తీరాయి. ఆకు మీద అక్షరాలు పడ్డాయి.

'విషయము పరిశీలనలో ఉన్నది.'

కుందేళ్ళు అడిగాయి. 'సంబంధిత విభాగమునకు పంపడమైనది.'

ముసలి మనుబోతు అడిగింది. 'మీ అర్జీని మీ పాత అర్జీకి జతపరచి, తగు చర్య నిమిత్తము మీకే పంపడమైనది.'

చామంతికి తల కొట్టేసినట్టయింది. ఇరవై ఏళ్ళ ఫైళ్ళలో గడ్డిపోచ ఊసు లేదు. ఉన్నదంతా ఆఫీసు భాషే. పుట్ట తిన్నదే రాసింది, పాపం.

మహిషేశ్వరరావుకి మాత్రం కళ్ళు చెమర్చాయి.

"ఎంత శుద్ధంగా రాసిందో చూశావా కోటిరత్నం. నా సర్వీసు మొత్తం మీద ఇలాంటి గుమస్తా దొరకలేదు."

కోటిరత్నం అవతలికి తిరిగి నెమరు వేసుకుంటూ కూర్చుంది.

ఆ రోజు నుంచి ఆయన అర్జీలన్నీ పుట్టకి అప్పజెప్పి, పొద్దున్నే బురదగుంటకి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. చిక్కు అక్కడే వచ్చింది. ఇదివరకు 'పరిశీలనలో ఉన్నది' అని రాయడానికి ఆర్నెల్లు పట్టేది. ఇప్పుడు అదే మాట అరగంటలో వస్తోంది. ఇది పేషీ దృష్టిలో పడింది. రెండు జవాబుల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. అక్షరం తేడా లేదు. ఒక కుర్చీకి ఇద్దరెందుకని, సూపరింటెండెంటు ఉద్యోగం చెదపుట్టకి ఇచ్చేశారు.

మహిషేశ్వరరావు బురదలోంచి లేచొచ్చి తన కుర్చీ కోసం అర్జీ పెట్టుకున్నాడు. పుట్ట జవాబు రాసింది: 'విషయము పరిశీలనలో ఉన్నది.'

"భాష బాగానే ఉంది," అన్నాడాయన నీరసంగా.

ఏడాది ముగింపుకొచ్చింది. పత్రం మీద సూపరింటెండెంటు సంతకం కావాలి. సూపరింటెండెంటేమో చెదపుట్ట. చామంతి అడిగింది. పరిశీలనలో ఉన్నది అని వచ్చింది. బతిమాలింది. సంబంధిత విభాగమునకు పంపడమైనది అని వచ్చింది. పరుగున వెళ్ళి వాలాచార్యులికి చెప్పుకుంది.

"నిబంధనలో సూపరింటెండెంటు సంతకం అని ఉందమ్మా. ఆ సూపరింటెండెంటుకి కాళ్ళూ తోకా ఉండాలని ఎక్కడా లేదు. వారం రోజుల్లో తీసుకురా," అన్నాడాయన, ఇంకో కొమ్మ మీదికి మారుతూ.

చామంతి తిరిగొచ్చి పుట్ట పక్కన, కోటిరత్నం ఎదుట కూలబడింది.

"పిన్నిగారూ, దీనికి 'మంజూరు' అనే మాటే తెలియదు. తినిపిద్దామంటే అలాంటి ఫైలు ఒక్కటీ లేదు. ఎలా రాస్తారో నాకూ తెలియదు."

కోటిరత్నం దవడ ఆపింది.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక్కటుండేది. మహిషేశ్వరరావు గారు రాకముందుది. తిన్నాను. ఆ రుచే వేరమ్మా."

"మాటలు గుర్తున్నాయా?"

"చెదలు తింటే అరిగిపోతుంది. మేం అలా కాదు, నెమరు వేస్తాం. కాసేపు పలకరించకు." మేక కళ్ళు మూసుకుంది. గొంతులో ఉండలాంటిది కిందినుంచి పైకి వచ్చింది. మెల్లగా నమిలి, మెల్లగా చెప్పింది. "'పరిశీలించి... మంజూరు... చేయడమైనది.' అంతే. చివర్లో చుక్క."

చామంతి మూడు రోజులు ఎండుటాకుల మీద ఆ ఒక్క వాక్యమే రాసింది. గాడిద చాకిరీ అంటారే, అదీ. బుట్టలకొద్దీ పుట్టకి పోసింది. నాలుగో రోజు ఒక మేడాకు పెట్టి అడిగింది. చెదలు కాసేపు అటూ ఇటూ తిరిగాయి. అప్పుడు వచ్చింది.

'అనుభవ పత్రము. పరిశీలించి మంజూరు చేయడమైనది.'

చామంతి మూడుసార్లు చదువుకుని, ఆకుని జాగ్రత్తగా పళ్ళ మధ్య పట్టుకుంది.

ఆ వెనకే వరసలో జింకలున్నాయి. మేత అడిగాయి. మంజూరు. కుందేళ్ళకి మంజూరు. మనుబోతుకి రెండుసార్లు మంజూరు. మహిషేశ్వరరావుకి కుర్చీ మంజూరు. కుందేళ్ళ బొరియలకి తనని కాపలా వెయ్యమని నక్క అడిగింది, మంజూరు. నక్కని అడవి దాటించమని కుందేళ్ళు అడిగాయి, అదీ మంజూరే. ఇద్దరూ ఉత్తర్వులు పట్టుకుని ఒకరికొకరు చదివి వినిపించుకున్నారు.

ఆ అడవిలో ఒక పద్ధతుండేది. మేడిచెట్టు ఆఫీసు ఆస్తి, దాని ఆకు తింటే నేరం. పరిశీలనలో ఉన్న ఆకు ఆఫీసులోనే ఉంటుంది. మంజూరైన ఆకు మాత్రం అర్జీదారుకి ఇచ్చేస్తారు, ఆ తర్వాత అది వాళ్ళ సొంతం.

అందరూ ఉత్తర్వులు పట్టుకుని మేత కొట్టానికి వెళ్ళారు. గడ్డికోత ఆపిన ఏడు కదా, కొట్టంలో గాలి తప్ప ఏమీ లేదు. ముసలి మనుబోతు తన ఉత్తర్వుని వాసన చూసింది. ఇటూ అటూ చూసి నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత కొట్టం ముందు చాలాసేపు నములుతున్న చప్పుడే వినిపించింది.

"నేను మొదట్నుంచీ మేత అనే చెప్తున్నాను," అన్నాడు మహిషేశ్వరరావు, తన కుర్చీ ఉత్తర్వుని నములుతూ.

విషయం పేషీ దాకా పోయింది. పుట్టని తనిఖీ చెయ్యమని ఎలుగుబంటిని పంపారు. చెదలంటే ఎలుగుబంటికి ప్రాణం. అయినా ఆఫీసు మర్యాద పాటించి ఒక ఆకు పెట్టి అడిగింది.

"తమరిని తినవచ్చునా?"

'పరిశీలించి మంజూరు చేయడమైనది.'

ఎలుగుబంటి తనిఖీ పూర్తి చేసి మూతి తుడుచుకుంది. కాబట్టి ఇక అడవిలో ఇంకో పత్రం ఇచ్చే సూపరింటెండెంటు లేడు. ఉన్నదల్లా చామంతి పళ్ళ మధ్య ఉన్న ఆ ఒక్క ఆకు.

విశ్వవిద్యాలయంలో ఇచ్చే ముందు తల్లికి చూపిద్దామని చామంతి ఇంటికొచ్చేసరికి తల్లి గుమ్మంలో పడుకుని ఉంది. మేత ఆగిపోయి ఎన్నాళ్ళయిందో, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. చామంతి ఆకు కింద పెట్టింది.

"ఇదేనా తల్లీ?"

"ఇదేనమ్మా."

తల్లి ముక్కు దగ్గరికి తీసుకుని చూసింది. "మంచి వాసనేస్తోంది. దాచుకో," అని మొహం అటు తిప్పుకుంది. కడుపు మాత్రం తిప్పుకోలేదు, గుడగుడమంది.

చామంతి ఆకుని చూసింది. తల్లి ఎముకల్ని చూసింది. మళ్ళీ ఆకుని చూసింది.

"సగం తినమ్మా."

"సగం పత్రం చెల్లుతుందా?"

"చెల్లదు."

"మరింకేం, మొత్తం పెట్టు."

తల్లి నిదానంగా, ఈనె కూడా వదలకుండా తింది. పత్రం గడువు దాటాక రెండు రోజులు ఆగి విశ్వవిద్యాలయం వాళ్ళు చామంతి పేరు కొట్టేశారు.

చదువు కూడు పెట్టదని ఎవరైనా అంటే నమ్మకండి. ఒక పూటకి పెడుతుంది.