డైరెక్టరుగారు చేసిన రక్తపరీక్షలు

మా ఊరి పెద్దాసుపత్రిలో పాస్‌వర్డుల గడువు విధానం దిగ్విజయంగా అమలైందని అధికారులు ప్రకటించారు. మాకందరికీ గర్వంగా ఉంది.

ఒకే పాస్‌వర్డ్‌ను ఏళ్ల తరబడి వాడటం అపరిశుభ్రమని భావించిన మొదటి కమిటీ, నెలకోసారి తప్పక మార్చాలని తీర్మానించింది. సిబ్బంది ఉదయం మార్చి సాయంత్రానికి మళ్లీ పాతదే పెట్టుకుంటున్నారని పసిగట్టిన రెండో కమిటీ, ఒకసారి మార్చాక రెండు నెలల దాకా ముట్టుకోకూడదని తీర్మానించింది. రెండు కమిటీలూ వేర్వేరు పూటల కూర్చున్నాయి గనక అభిప్రాయభేదాలు తలెత్తలేదు. కంప్యూటర్ ఆఫీసరు రెండు అంకెలనూ సర్వర్‌లో భక్తిగా ఎక్కించాడు. సర్వర్‌కు పెద్దల మాట కాదనే అలవాటు లేదు.

నెల తిరిగింది. ల్యాబ్‌లో పనిచేసే మా తోడికోడలు కంప్యూటర్ తెరిస్తే, పాస్‌వర్డ్ గడువు తీరింది, వెంటనే మార్చమంది. మార్చబోతే, ఇంకా సమయం కాలేదంది. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. కంప్యూటర్‌లో తన పేరు మీద పని కనబడితేనే పర్మనెంట్ చేస్తారు.

"నా పేరు కనబడకపోతే ఇంటికి పంపేస్తారు సార్!" అంది ఆఫీసరుతో.

"ఒక్క అంకె మారిస్తే సరిపోతుందమ్మా. కానీ ఏ కమిటీ అంకె మార్చమంటావు? ఎవరిది మార్చినా రెండోవాళ్లు ఊరుకుంటారా?"

"మరి రోగులు?"

"వాళ్లు ఏ కమిటీలోనూ లేరు కదా."

అదృష్టవశాత్తు డైరెక్టరుగారి ఖాతాకు గౌరవసూచకంగా గడువే పెట్టలేదు. ఆయన తన పాస్‌వర్డ్‌ను ఎప్పుడూ ఎవరో ఒకరి చేత కొట్టిస్తారు గనక అది వాచ్‌మన్‌తో సహా అందరికీ తెలుసు. ఆసుపత్రి మొత్తం ఆ ఖాతాలోనే పనికి దిగింది.

ఆ నెలలో డైరెక్టరుగారు రక్తాలు తీశారు, మందులిచ్చారు, దుప్పట్లు ఉతికించారు. ఒకే నిమిషంలో మూడు అంతస్తుల్లో ఇంజెక్షన్లు చేశారు. ఆ నిమిషంలో ఆయన విమానంలో ఉన్నా విధి నిర్వహణకు అంతరాయం కలగలేదు. ఉత్తమ సేవా పురస్కారం ఇవ్వక తప్పలేదు.

"నేను చేసినదల్లా నా డ్యూటీయే. నేను నిద్రపోతున్నప్పుడు కూడా నా సేవ ఆగలేదు" అన్నారాయన పురస్కారం అందుకుంటూ. ఆ మాట అక్షరాలా నిజం. చప్పట్లు కొట్టినవాళ్లలో మా తోడికోడలూ ఉంది.

రెండు నెలలూ నిండాక ఆమె పాస్‌వర్డ్ మారింది, రిపోర్టుల కింద ఆమె పేరు మళ్లీ కనబడింది. రోగులు గొడవకు దిగారు.

"మొన్నటిదాకా పెద్దాయన స్వయంగా చేసేవారు. ఇప్పుడెవరో అమ్మాయి చేత కానిస్తున్నారేంటి?"

ప్రజల నమ్మకం కన్నా ఎక్కువేమీ లేదని ఆసుపత్రి భావించింది. వారం తర్వాత రానక్కర్లేదని ఆమెకు మర్యాదగా తెలియజేసింది.

ఆ సాయంత్రం మా అత్తగారు చిన్న కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరారు. "ఏడవకే. నీలాగా నొప్పి తెలియకుండా రక్తం తీసేవాళ్లు ఎవరున్నారు? ఇంకోచోట కళ్లకద్దుకుని తీసుకుంటారు."

ఆపైన గొంతు తగ్గించి అన్నారు:

"ఇంకా వారం ఉందిగా. ఈలోగా నా షుగర్ టెస్టొకటి డైరెక్టరుగారి పేరు మీద చేసిపెట్టవే. అదైతే నమ్మకంగా ఉంటుంది."

నా థైరాయిడ్‌ది కూడా చూడమన్నాను.