ఒకటి నుంచి పది దాకా

ఆ రోజు సుచిత్ర వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఎల్బీనగర్ చౌరస్తాలో కాలేజీ బస్సెక్కాలి. పదింటికల్లా ల్యాబ్ రికార్డు మీద సారు సంతకం పెట్టించుకోవాలి. ఆ తర్వాత, ఇంజినీరింగ్‌లో చేరిన ఇన్నాళ్లకు మొదటిసారి కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చోవాలి. సంతకం లేకపోతే మర్నాటి ల్యాబ్ పరీక్షకు రానివ్వరు. పరీక్షకు రానివ్వకపోతే ఏడాది గల్లంతే.

సకల జనుల సమ్మెలో నలభై రెండు రోజులు క్లాసులు సరిగ్గా జరగలేదు, సరే. సమ్మె అయిపోయాకైనా కంప్యూటర్ చూపించవచ్చు కదా? అబ్బే! ప్రోగ్రామూ, దాని అవుట్‌పుట్టూ రికార్డు పుస్తకంలో ముందు రాయాలి. దాని మీద సంతకం పడితేనే కంప్యూటర్ ముట్టుకోవాలి. ముట్టుకోకుండా అవుట్‌పుట్ ఎలా వస్తుందయ్యా అని ఆ కాలేజీలో అడిగిన నాథుడు లేడు. సీనియర్ రికార్డు జిరాక్స్ తీయించుకోవడం, చూసి దించేయడం, అంతే. ఒక్క సుచిత్ర మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో తండ్రి గుండయ్య చీరల దుకాణం పక్కనున్న నెట్ సెంటర్‌లో మూడు రోజులు కుస్తీ పట్టి, ఒకటి నుంచి పది దాకా కూడే ప్రోగ్రామును సొంతంగా రాసింది. యాభై అయిదు వచ్చింది. ఆ అంకె చూసి పిల్ల కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

ఆ సంతోషాన్ని ఆ రోజు కాలేజీలో ల్యాబ్ చూసే సాంబమూర్తి సారు అర నిమిషంలో ఆర్పేశారు.

"ఇదేంటమ్మా? అందరికీ నలభై అయిదొస్తే నీకొక్కదానికే యాభై అయిదేంటి?"

"ఒకటి నుంచి పది దాకా కూడితే యాభై అయిదే గద సార్?"

"కూడటానికి ఇదేమన్నా లెక్కల క్లాసా? ల్యాబు! ఇక్కడ ఈ 'ఈక్వల్ టు' గుర్తెందుకు పెట్టావు? మోడల్ రికార్డులో లేదే."

"అది లేకుంటే తొమ్మిది కాడనే ఆగిపోతది సార్. పదిని కలపదు."

"యాభై తొమ్మిది మందిదీ తప్పు, నీదొక్కటే ఒప్పా? వెళ్లి దిద్దుకుని రా."

"ఒక్కసారి కంప్యూటర్ మీద చూపిస్త సార్."

"సంతకం లేకుండా కంప్యూటరా!" అన్నారు సాంబమూర్తి, ఆ పిల్ల చెప్పులతో గుళ్లోకి వస్తానన్నట్టు చూసి.

సుచిత్రకు ఒళ్లు మండిపోయింది. తండ్రికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. గుండయ్యది పోచంపల్లి. దుకాణం పెట్టకముందు ఇరవై ఏళ్లు మగ్గం నేసినవాడు. చీర మడత పెడుతూనే వేళ్ల మీద రెండుసార్లు కూడాడు. రెండుసార్లూ యాభై అయిదే వచ్చింది.

"ఏందిది! పది పోగులు తప్పితే మేం చీరె పక్కకు పడేస్తం. గీళ్లు పదికి పది మింగి సంతకం బెట్టనంటరా? నేనొస్తున్నా, నువ్వు ఆడనే ఉండు బిడ్డా!"

షట్టర్ దించి, స్కూటర్ మీద హయత్‌నగర్ దాటి కాలేజీ గేటు చేరేసరికి గుండయ్యకు రొప్పుతో మాట సరిగా రాలేదు. "మా పది... మా పది మింగిన్రు!" అన్నాడు.

గేటు దగ్గర నాలుగో సంవత్సరం క్రాంతికుమార్ ఉన్నాడు. విద్యార్థి నాయకుడు. సమ్మె ముగిసిన దగ్గర్నుంచి ఏం చేయాలో తోచక ఉన్నాడు. పది అంటే ఏమిటని అడగనన్నా అడగలేదు.

"ఎవడు కాకా మింగింది? ఆ సాంబమూర్తి సారా? గుంటూరాయన గదా! ఇంకేముంది! మా పది మాకియ్యాలె!"

పావుగంటలో రెండు వందల మంది మెట్ల మీద కూర్చున్నారు. పది మార్కులని మెకానికల్ వాళ్లన్నారు. పది సీట్లని సివిల్ వాళ్లన్నారు. పది ఉద్యోగాలని అటెండర్లు కూడా వచ్చి కూర్చున్నారు. నినాదం మాత్రం అదిరిపోయింది. ప్రిన్సిపాల్ వెంకటేశ్వరరావు గారు పరుగున బయటికొచ్చి, "ఇచ్చేద్దాం బాబూ, ఏ పది?" అని అడిగారు.

అందరూ క్రాంతికుమార్ వైపు చూశారు. క్రాంతికుమార్ గుండయ్య వైపు చూశాడు. గుండయ్య కూతుర్ని ముందుకు తోశాడు. సుచిత్ర రికార్డు తెరిచి, ఒకటి నుంచి పది దాకా అందరి ముందూ కూడి చూపించింది.

"న్యాయం చెల్లె దిక్కే ఉంది!" అని అరిచాడు క్రాంతికుమార్. "నలభై అయిదని రాసినోడెవడో బయటికి రావాలె! వాడు క్షమాపణ చెప్పాలె!"

సాంబమూర్తి గారు లోపలికి వెళ్లి, గోధుమరంగు అట్ట వేసిన మోడల్ రికార్డు తెచ్చి ప్రిన్సిపాల్ చేతిలో పెట్టారు. మూడేళ్లుగా కాలేజీ మొత్తం దించుకుంటున్న రికార్డు. అట్ట మీది పేరు ప్రిన్సిపాల్ గారు పైకి చదివారు.

"బి. క్రాంతికుమార్, ప్రథమ సంవత్సరం. ఇరవై అయిదుకు ఇరవై అయిదు."

మెట్ల మీది తలలన్నీ అటు తిరిగాయి. క్రాంతికుమార్ గొంతు సవరించుకున్నాడు.

"చూడు చెల్లె... ఒక లెక్కల చూస్తే నలభై అయిదు గూడ కరెక్టే. నా మార్కులు మల్ల తిరగదోడుడెందుకు? జర ఓపిక పట్టు."

"థూ! ఇప్పటిదాంక గొంతు చించుకున్నది నువ్వే గదరా!" అన్నాడు గుండయ్య.

ప్రిన్సిపాల్ గారు అక్కడికక్కడే కమిటీ వేశారు. తాను, సాంబమూర్తి, విద్యార్థుల తరఫున క్రాంతికుమార్. కంప్యూటర్ ఆన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలే విషయమని సుచిత్ర మూడుసార్లు మొత్తుకుంది. సంతకాలన్నీ పూర్తయ్యేదాకా ల్యాబ్ తాళం తీయకూడదన్న సర్క్యులర్ తనదేనని ప్రిన్సిపాల్ గారు మూడుసార్లు గుర్తుచేశారు. గంటన్నర చర్చించి, టీలు తాగి, ఇరుపక్షాల మనోభావాలనూ గౌరవిస్తూ నిర్ణయం ప్రకటించారు: యాభై.

సుచిత్రకు కోపంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "యాభై ఏంది నాయినా? యాభై ఎట్లొస్తది?"

"నాకు మాత్రం ఎర్కనా బిడ్డా? రాయి. లేకుంటే ఏడాది పోతది," అన్నాడు గుండయ్య, పళ్లు కొరుకుతూ.

పెన్ను విరిగేంత గట్టిగా యాభై అని రాసింది. సాంబమూర్తి గారు ఎర్ర సిరాతో సంతకం పెట్టి, 'గుడ్' అని కూడా చేర్చారు. తాళం తీశారు. సుచిత్ర మొట్టమొదటిసారి కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చుంది. తన ప్రోగ్రాము, ఆ 'ఈక్వల్ టు' గుర్తుతో సహా, కొట్టి నడిపించింది. వెనకాల నిలబడి ముగ్గురు కమిటీ సభ్యులూ తెర మీదికి వంగి చూశారు.

యాభై అయిదు. కమిటీ నిర్ణయం కంప్యూటర్‌కు ఇంకా అందినట్టు లేదు.