మూడో అంతస్తులో గుంత

పది గంటలకు రోడ్ల అధికారి రామ్మోహనరావు గారు వస్తారు, యాప్ చూస్తారు, నచ్చితే కొత్తగూడ నుంచి హైటెక్ సిటీ దాకా దాన్నే వాడతారు. ఆ ఉదయానికి రసజ్ఞ వేసుకున్న పథకం ఇంతే. నచ్చకపోతే మాత్రం, ఏడాదిగా సెలవు రోజులన్నీ ధారపోసి ఆమె, పక్క ఫ్లాట్ స్నేహితుడు సాయిచంద్ కలిసి చేసిన పని అటకెక్కినట్టే.

యాప్ సంగతి తేలికే. జేబులో ఫోన్ ఉంటే చాలు, బండి గుంతలో పడ్డప్పుడల్లా కుదుపు లెక్కపెడుతుంది. ఒకేచోట వంద కుదుపులు దాటితే తారు బండివాళ్లకు తనంతట తానే కబురు పంపుతుంది. నిరుడు వానల్లో రసజ్ఞ వాళ్ల అపార్ట్‌మెంట్ గేటు ముందున్న గుంతలో పడి సాయిచంద్ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ రోజు పుట్టిన ఆలోచన ఇది.

అధికారి ఇంటికొస్తున్నాడంటే రసజ్ఞ తల్లి నాగేశ్వరి ఊరుకుంటుందా? తెనాలి వదిలి ఇరవయ్యేళ్లయినా, మిక్సీలో వేసింది పచ్చడే కాదని ఆవిడ నమ్మకం. కూతురు ఫోన్‌ను వంటగట్టు మీద ఛార్జింగుకి పెట్టి స్నానానికి వెళ్లింది. తల్లి సరిగ్గా దాని పక్కనే చిన్న రోలు పెట్టి, పెసరట్లలోకి అల్లం పచ్చడి దంచడం మొదలెట్టింది.

రసజ్ఞ తయారై వచ్చేసరికి మూడో అంతస్తులోని వాళ్ల గుమ్మంలో తారు మరకల చొక్కాతో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. పరీక్ష కోసం యాప్ కబుర్లు అందుకుంటున్న తారు బండి మేస్త్రీ బాలనర్సయ్య. చేతిలో కొలిచే టేపు.

"అమ్మా, మీ వంటింట్ల పెద్ద గుంత ఉన్నదట. ఏడున్నది?"

నాగేశ్వరికి రోషం వచ్చింది. "గుంతేంటండీ? మొన్ననే గ్రానైట్ వేయించాం. కావాలంటే లోపలికొచ్చి చూసుకోండి!"

"ఫోన్ల వచ్చిందమ్మా. మూడొందల పన్నెండు దెబ్బలు! గింత పెద్ద గుంత నా సర్వీసుల సూడలే. కొండాపూర్ల పని ఇడిసిపెట్టి ఉరికొచ్చిన."

ఎదురింటి బాలమ్మ తలుపు సందులోంచి ఇదంతా విన్నది. ఆమెకు సగం వినపడితే చాలు, మిగతా సగం తనే నింపుకుంటుంది. "మూడో అంతస్తు కుంగుతున్నదట! జల్ది కిందికి దిగుండ్రి!" అని మెట్ల మీద కేకేసింది. పది నిమిషాల్లో నలభై కుటుంబాలు నగల పెట్టెలతో, ల్యాప్‌టాపులతో వాకిట్లో నిలబడ్డాయి. ఒకాయన ఇంకా ఈల వేస్తున్న కుక్కరుతో దిగాడు. ల్యాప్‌టాపులున్నవాళ్లు అక్కడి నుంచే మీటింగుల్లో చేరిపోయారు.

అప్పుడే గేటు దగ్గర ధన్‌మని చప్పుడైంది. రామ్మోహనరావు గారి కారు చక్రం గుంతలో దిగబడింది. ఆయన తల తడుముకుంటూ దిగి, జనాన్ని చూసి, "నాకోసం ఇంతమందా?" అన్నారు.

రసజ్ఞ దాచి లాభం లేదనుకుని రోలు సంగతి మొత్తం చెప్పేసింది. ఆయన నవ్వలేదు.

"సరేనమ్మా. రోలును పట్టుకున్న యాప్, ఈ గుంతను ఎందుకు పట్టుకోలేదు?"

మ్యాపులో గేటు ముందు రోడ్డు నున్నగా కనబడుతోంది. ఏడాది కష్టం కళ్లముందే గుంతలో కలిసిపోతుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"ఈ గుంత అందరికీ తెల్సు సార్," అని జనంలోంచి ముందుకొచ్చిన సాయిచంద్ నసిగాడు. "నేను పడ్డప్పటి సంది అందరం పక్కకెల్లి తిప్పుతం. ఎవ్వరూ పడరు. ఇగ కుదుపెక్కడిది?"

రసజ్ఞ ఠక్కున తలెత్తింది. "అయితే కుదుపులే కాదండీ, బళ్లు ఎక్కడ పక్కకి తిరుగుతున్నాయో కూడా లెక్కపెట్టాలి! అందరూ ఒకేచోట తిప్పుతున్నారంటే అక్కడ గుంత ఉన్నట్టే. సాయంత్రానికల్లా చేర్చేస్తాం!"

రామ్మోహనరావు గారు మొదటిసారి నవ్వారు. "చేర్చండి. రేపటి నుంచే వాడదాం."

"సార్, తారు సల్లగయితున్నది," అని బాలనర్సయ్య అడ్డొచ్చాడు. "వాపస్ తీస్కపోతే గడ్డ కడ్తది. ఏడనో ఒక కాడ పొయ్యాలె."

నలభై కుటుంబాలూ తలో చెయ్యి వేసి కారును పైకి లాగాయి. ఏడాదిగా ఎన్ని ఫిర్యాదులు పెట్టినా పూడని గుంత అరగంటలో పూడింది. నాగేశ్వరి వచ్చినవాళ్లందరికీ పెసరట్లు వేసింది. పచ్చడి చాలక మళ్లీ దంచింది, ఈసారి ఫోన్‌ను హాల్లో పెట్టించి. రసజ్ఞ సంతోషం పట్టలేక బాలమ్మకు కూడా రెండు అట్లు ఎక్కువే వడ్డించింది.

మర్నాడు ఉదయం అపార్ట్‌మెంట్ వాళ్లంతా నున్నటి తారును మెచ్చుకుంటూ, అలవాటు ప్రకారం దాని పక్కనుంచే బళ్లు తిప్పుకుని వెళ్లారు. తొమ్మిదింటికల్లా కొత్త యాప్ కబురందుకుని బాలనర్సయ్య మళ్లీ టేపు పట్టుకొచ్చాడు.