అంగారకుడి గాలికి గేట్ పాస్

సౌరకుటుంబంలో ఏ రాయి అయినా ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఎగిరిపోవచ్చు. గచ్చిబౌలిలోని మేఘమాల టెక్ పార్కు నుంచి మాత్రం గేట్ పాస్ లేనిదే గులకరాయి కూడా కదలదు.

ఆ పొద్దున పార్కింగులో ఒక ఉల్క పడి, కారు బానెట్‌కు చిల్లు చేసింది. (ఆ కారుకు ఆ చోటు కేటాయించలేదు గనుక, పార్కు లెక్కలో చిల్లు పడలేదు.)

కబురు తెలియగానే యూనివర్సిటీలో ఉల్కలపై పరిశోధన చేసే కృష్ణప్రియ ఆటోలో వచ్చి వాలింది. ఎవరిని కలవాలని సందర్శకుల యాప్ అడిగింది. జాబితాలో రాయి పేరు లేదు. ఫెసిలిటీ మేనేజర్ శివశంకర్ పేరు నొక్కి లోపలికి వెళ్లింది.

రాతిలోని నల్లటి గాజు చారలు చూడగానే ఆమె బ్యాగు కింద పడేసి దాని మీదికి వంగింది. ఇన్నేళ్ల పరిశోధనలో ఇలాంటిది చేతికి అందడం ఇదే మొదలు.

"ఇది అంగారకుడి రాయిలా ఉంది సార్. ఎప్పుడో అక్కడ పెద్ద ఉల్క గుద్దితే ఎగిరొచ్చింది. ఆ దెబ్బకు రాయి కరిగి గాజైనప్పుడు అక్కడి గాలి లోపల చిక్కుకుపోతుంది. ఆ గ్రహం మీద ఒకప్పుడు ఎలాంటి గాలి ఉండేదో చెప్పే సాక్ష్యం అదే. ఇప్పించండి."

"తప్పకుండానండి," అన్నాడు శివశంకర్. "కాకపోతే బయటికి పాస్ ఇవ్వాలంటే లోపలికి వచ్చినట్టు ఎంట్రీ ఉండాలి కదండీ. ఇది ఏ గేటు నుంచి వచ్చిందండి?"

"పైనుంచి."

"పైన గేటు లేదండి."

సెక్యూరిటీ లింగయ్యకు జాలేసింది. "ఫికర్ జెయ్యకుండ్రి మేడం. ఒకటో నంబర్ గేటుకెళ్లి వచ్చిందని రాద్దాం."

అలా అంగారకుడు సరుకు సరఫరాదారుగా నమోదయ్యాడు. పిన్‌కోడ్ తప్పనిసరి కాబట్టి దగ్గర్లోని బోరబండది వేశారు.

సాయంత్రానికి పాస్ మంజూరైంది. అప్పటిదాకా రాయి సెక్యూరిటీ దగ్గరే ఉంది. గాలి చొరని పెట్టెతో కృష్ణప్రియ గేటు దగ్గరికి పరుగెత్తింది. లింగయ్య ఒక ప్లాస్టిక్ కవర్ చేతిలో పెట్టాడు. అందులో బూడిదరంగు పొడి ఉంది.

"స్కానర్ల వెడితె రాయి లోపల ఏముందో కనవడలే మేడం. ఎవలన్న పెన్‌డ్రైవ్ దాచిర్రేమో ఇప్పి చూడాలె, రూలు. టైల్స్ మేస్త్రి తోని మెత్తగ నూరిపిచ్చిన."

కృష్ణప్రియ కవర్‌ను వెలుతురుకు ఎత్తి చూసింది. తీసుకెళ్లి ఆమె కూడా నూరేదే. కాకపోతే మూసిన పెట్టెలో, మన గాలినంతా బయటికి లాగేశాక.

"లోపల ఏముంది లింగయ్యా?"

"ఏం లేకుండె మేడం," అంటూ పాస్ మీద ముద్ర గుద్దాడు లింగయ్య. "ఉత్త గాలి."